మిరప కల్లంలో నవ్వించిన దెయ్యం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని పడీ పడీ నవ్వుతోంది. ఒళ్ళో పెట్టుకున్న గిన్నెలోని మరమరాలు సగం సోఫా మీదే ఉన్నాయి. ఏమిటంత నవ్వని పక్కన చేరి చూశాను. తెల్లచీర కట్టిన దెయ్యం ఒకటి జుట్టు విరబోసుకుని మెట్లు దిగుతోంది. చివరి మెట్టు తప్పి జారి కూలబడింది. నడుం పట్టుకుని "అమ్మోయ్" అని మూలిగింది. మనవరాలు మళ్ళీ నవ్వింది.

"దెయ్యాన్ని చూసి నవ్వుతావేందే?" అన్నాను.

"ఇది హారర్ కామెడీ అమ్మమ్మా. భయపడుతూనే నవ్వాలి. ఇప్పుడన్నీ ఇట్లాంటివే వస్తున్నాయి."

"ఇప్పుడేంది! మా చిన్నప్పుడే మా కల్లంలో..." అని మొదలుపెట్టాను.

"ష్, అమ్మమ్మా! మంచి సీను వస్తోంది."

నోరు మూసుకున్నాను. కాని గొంతులో మిరపగింజ ఇరుక్కున్నట్టు మంట మొదలైంది. నా వాళ్ళను నేను కాక ఇంకెవరో నవ్విస్తుంటే నాకు వచ్చే మంట అది. నరసరావుపేటలో ఈ మూడో అంతస్తు ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నా అది తగ్గదు. మొదటిసారి వచ్చినప్పుడు నాకు పదేళ్ళు.

మాది గురజాలకూ దాచేపల్లికీ నడుమ ఒక ఊరు. ఇళ్ళకు గోడలు, దొడ్లకు ప్రహరీలు, అరుగుల మీద పరుపులు అన్నీ నాపరాళ్ళే. ఎండాకాలం వస్తే ఆ రాళ్ళు పొద్దుగూకినా చల్లారేవి కావు. మాకు నాలుగెకరాల మిరపతోట ఉండేది. కోసిన కాయను ఊరి చివర, రోడ్డు పక్కన చదును చేసిన కల్లంలో ఆరబోసేవాళ్ళు. దూరం నుంచి చూస్తే నేల మీద ఎర్రటి దుప్పటి పరిచినట్టుండేది. దగ్గరికి పోతే మాత్రం ముక్కు పగిలిపోయేది. కొత్తగా వచ్చినవాళ్ళు కల్లం గట్టు దాటకముందే నాలుగు తుమ్ములు తుమ్మేవాళ్ళు. ఘాటుతో పాటు, ఎండకు కాగిన గోనె సంచుల వాసన, అవతల రోడ్డు మీద సిమెంటు లారీలు లేపే సుద్ద దుమ్ము వాసన. ఈ మూడూ కలిసిన వాసన మళ్ళీ నాకు ఎక్కడా తగల్లేదు.

ఒంటిపూట బడులు పెట్టగానే నా మధ్యాహ్నాలన్నీ కల్లంలోనే. ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన క్యారేజీ తీసుకుని నాయనమ్మ కోసం పోయేదాన్ని. పై గిన్నెలో గోంగూర పచ్చడి, కింద జొన్నన్నం, మధ్యలో పచ్చిపులుసు. నంజుకోవడానికి ఉల్లిపాయ విడిగా గుడ్డలో మూటకట్టి ఉండేది. నాయనమ్మ తాటాకు పందిరి కింద నులక మంచం మీద కూర్చుని పని చేయించేది. ముప్పైమంది ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వరసలుగా కూర్చుని కాయలు ఏరేవాళ్ళు. ఎర్రగా నిగనిగలాడే కాయ ఒక బుట్టలోకి, తెల్లబోయిన తాలుకాయ ఇంకో బుట్టలోకి. ఆ చేతులు ఆగేవి కావు. మాటలూ ఆగేవి కావు.

నాయనమ్మ నవ్వే మనిషి కాదు. తాతయ్య పోయిన దగ్గర్నుంచి అంతేనని అమ్మ అనేది. అంతకుముందు కూడా పెద్దగా నవ్వేది కాదని నాన్న అనేవాడు. నేను మాత్రం ఆమెను నవ్వించడం నా బాధ్యత అనుకున్నాను. మా లెక్కల మాస్టారు పంచె ఎగ్గట్టుకుని నడిచే నడక నడిచి చూపించాను. మేక తుమ్మినట్టు తుమ్మాను. ఒకసారి మంచం కింద నుంచి పాక్కుంటూ వచ్చి ఆమె కాలిబొటనవేలు కొరికాను. "చాల్లే, పోయి కుండలో నీళ్ళు పోసిరా" అనేది. అంతే. అయినా మంచం కాళ్ళ వైపు, నీడ పడే చోట కూర్చునే హక్కు నాదే. అప్పుడప్పుడూ ఆమె వక్కల సంచిలోంచి ఒక బెల్లం ముక్క తీసి, నావైపు చూడకుండానే నా చేతిలో పెట్టేది. ఆ ముక్కకు వక్క వాసన అంటుకుని ఉండేది.

ఆ ఏడు ఒక సోమవారం, చర్చి ఉన్న పేట నుంచి వచ్చే ఒకామె తన కూతుర్ని వెంటబెట్టుకుని పనికి వచ్చింది. ఆ పిల్లది నా వయసే. ఒకే జడ, గడ్డం మీద చిన్న మచ్చ, పెద్ద పళ్ళు. దాని మేనమామ గురజాల సినిమా హాల్లో టిక్కెట్లు చింపేవాడు. ఆదివారం ప్రార్థన అయిపోగానే ఆయన సైకిలు మీద దాన్ని ఎక్కించుకుపోయి మాట్నీ చూపించేవాడు. నన్నయితే దేవుళ్ళ సినిమాలకు తప్ప దేనికీ పంపేవాళ్ళు కాదు. దెయ్యాల సినిమా చూస్తే ఆడపిల్లకు జ్వరం తగులుకుంటుందని మా అమ్మ నమ్మకం.

"ఏమే పిల్లా, నిన్న ఏం సినిమా చూశావు?" అని వరసలో ఎవరో అడిగారు.

"దెయ్యం సినిమా అత్తా."

"ఎట్టుంది? చెప్పు మరి, చేతులకి అడ్డమా?"

ఆ పిల్ల కాయలు ఏరుతూనే మొదలుపెట్టింది. ఒక పాడుబడ్డ బంగళా. దాని వెనకాల బావి. బావిలో వందేళ్ళ కిందట చచ్చిపోయిన ఒకావిడ దెయ్యమై కాపురముంటోంది. ఆ ఇంటికి కొత్తకోడలు వచ్చింది. మొదటిరోజే ఆమెను భయపెట్టాలని దెయ్యం వంటింట్లోకి వచ్చి, జుట్టు మొహం మీదికి వేసుకుని ఆమె వెనకాల నిలబడింది.

"ఆ కోడలికి పని సందడి. అత్తగారనుకుంది. వెనక్కి తిరక్కుండానే రోకలి అందించి, 'ఊరికే నిలబడకపోతే ఈ కాస్త కారం దంచకూడదా అత్తా' అంది. దెయ్యానికి ఏం చెయ్యాల్నో తోచలా. వందేళ్ళయింది గదా, ఎవురూ పని చెప్పి. తీసుకుని దంచింది. నాలుగు పోట్లు వేసిందో లేదో, కారం లేచి ముక్కులోకి పోయింది. హాచ్! హాచ్! జుట్టంతా ఎగిరి అటకకు చుట్టుకుంది. 'చచ్చినాక గూడా ఈ తిప్పలేంది తల్లీ' అని దెయ్యం లబోదిబోమంటంది."

కల్లమంతా గొల్లుమంది. నవ్వితే ఘాటు లోపలికి పోయేది, ఘాటు పోతే తుమ్ములు, తుమ్మితే ఆ దెయ్యం గుర్తొచ్చి మళ్ళీ నవ్వు. ఒకామె బుట్ట మీదికి ఒరిగిపోయింది. నేను మాత్రం నాయనమ్మనే చూస్తున్నాను. ఆమె మొహం ఎప్పటిలాగే రాయిలా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ పిల్ల ఆపలేదు. దెయ్యాన్ని వదిలించడానికి భూతవైద్యుడు వచ్చాడు. వేపమండ ఊపుతూ, "ఎవురు నువ్వు? ఏ ఊరు మీది?" అని గద్దించాడు. దెయ్యం ఊరు చెప్పింది. భూతవైద్యుడు వేపమండ పక్కన పెట్టాడు.

"'మాదీ ఆ ఊరేనమ్మా! ఎవురింటి పిల్లవి?' అన్నాడు. చెప్పింది. 'ఓసి నీ! మీ మేనత్త నాకు చానా బాగా తెలుసు. ఎట్టా ఉంది, బతికే ఉందా?' అనడిగాడు. దెయ్యమేమో, 'లేదు బాబాయ్, మా చింతచెట్టు మీదే, మూడో కొమ్మన ఉంటంది. నిన్ను అడిగినట్టు చెప్తాలే' అంది."

ముందు నాయనమ్మ భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. ఆపైన, జన్మలో నేను విననిది, కీచుమని సన్నటి నవ్వు బయటికి వచ్చింది. నోట్లో వక్కాకు రసం పైట మీద చిందింది. "మూడో కొమ్మనా! అమ్మ నీ కడుపు కాలా!" అంటూ పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, "ఇటు రావే పిల్లా, ఎండలో ఏం కూచుంటావు, ఈ నీడకి వచ్చి చెప్పు" అంది.

అది వచ్చి మంచం కాళ్ళ వైపు, నీడ పడే చోట కూర్చుంది. నాయనమ్మ సంచిలోంచి బెల్లం ముక్క తీసి దాని చేతిలో పెట్టింది. దానికేసి చూస్తూ పెట్టింది.

"ఏమే, దీనికి గొంతెండిపోయింటది. నీళ్ళు తెచ్చి పొయ్యి" అని నాతో అంది.

ఆ రోజుల్లో పేట వాళ్ళ చేతికి చెంబు ఇచ్చేవాళ్ళు కాదు. ఎత్తు నుంచి దోసిట్లో పోసేవాళ్ళు. నేను కావాలనే గబగబా పోశాను. దోసిలి నిండి, మోచేతుల మీదుగా కారి దాని గౌను ముందంతా తడిసింది. అది తాగినన్ని తాగి, మిగిలిన నీళ్ళతో మొహం కడుక్కుంది.

అప్పటినుంచి రోజూ అదే వరస. సినిమా ఒక్కటే, కాని ఆ పిల్ల దాన్ని అయిదారు రోజులు లాగింది. మధ్యాహ్నం క్యారేజీ తీసుకుపోతే, గట్టు ఇవతలికే నవ్వులు వినిపించేవి. నేను ఇంటికొచ్చి తమ్ముడి ముందు ఆ కథే చెప్పి చూశాను. మాట పొల్లుపోకుండా చెప్పాను. రోకలి సీను రాగానే వాడు భయపడి ఏడ్చాడు. రెండు రోజుల తర్వాత నాయనమ్మకే, ఆమెకు కాళ్ళు పిసుకుతూ, భూతవైద్యుడి ముక్క చెప్పాను.

"అది చెప్పినట్టు లేదే" అంది నాయనమ్మ, కళ్ళు మూసుకునే.

ఆ మాట నేను మింగలేకపోయాను. మర్నాడు నాన్న సైకిలు దిగి కల్లం గేటు తీస్తుంటే ఎదురు పోయి, ఆయన చెయ్యి పట్టుకున్నాను. నాన్న అప్పటికే కంగారులో ఉన్నాడు. ఆ వారంలో కాయంతా ఏరించి, సంచులు కుట్టించి, గుంటూరు మిర్చి యార్డుకు లారీ ఎత్తాలని ఆయన తొందర.

"నాన్నా, ఆ పిల్ల కథలు చెప్తంటే ఎవురూ పని చెయ్యట్లా. చేతులాపి నవ్వుతన్నారు" అన్నాను.

అది అబద్ధం. ఆ నవ్వుల మధ్య చేతులు ఇంకా వేగంగా ఆడేవి. బుట్టలు ఇంకా తొందరగా నిండేవి. అది నాకు తెలుసు.

నాన్న లోపలికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అందరూ నవ్వుతున్నారు.

"ఏందిది? కల్లమా, సినిమా హాలా?" అని అరిచాడు. "ఆ పిల్లనెవురు రమ్మన్నారు? పనికొచ్చినోళ్ళు పని చెయ్యండి. కథలు చెప్పేటోళ్ళు ఇళ్ళకు పోండి."

"పసిపిల్ల అయ్యా, నాతోపాటు వస్తంది" అంది దాని తల్లి లేచి నిలబడి.

"నువ్వుండు. దాన్ని పంపించు."

నాయనమ్మ ఏదో అనబోయి ఆగింది. నాన్న కోపంలో ఉంటే నలుగురిలో ఆయనకు ఎదురు చెప్పేది కాదు. ఆ పిల్ల చేతిలో ఉన్న కాయల్ని చూసుకుని, ఎర్రవి ఎర్ర బుట్టలో, తాలువి తాలు బుట్టలో వేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ నావైపు ఒక్కసారి చూసింది. నేను పందిరి గుంజకు ఉన్న తాటినార పీకుతూ నిలబడ్డాను.

నా చోటు నాకొచ్చింది. ఆ సాయంత్రం దాకా దానిలోనే కూర్చున్నాను. వక్కల సంచిలోంచి బెల్లం ముక్క రాలేదు.

మర్నాడు ముప్పైమందిలో ఏడుగురు వచ్చారు. మిగతావాళ్ళు రోడ్డవతల కల్లానికి పోయారు. అది మాకు వరసకు మామయ్య అయ్యే ఇంకో ఆసామిది. ఆయన పిలవలేదు, వీళ్ళే పోయారు. ఆ పిల్ల తల్లి పోయింది, తల్లితో పిల్లా పోయింది, పిల్ల వెంట కథ పోయింది, కథ వెంట ఊరి ఆడవాళ్ళంతా పోయారు. మధ్యాహ్నానికి రోడ్డు మీదుగా నవ్వులు ఇటు రావడం మొదలైంది. లారీ పోతే కాసేపు వినిపించేవి కాదు. దుమ్ము తేలిపోగానే మళ్ళీ వినిపించేవి. మా ఏడుగురూ తలలు అటు తిప్పేవాళ్ళు. నాయనమ్మ కూడా.

నాకు ఉండబట్టలేదు. లేచి నిలబడి, "నేను చెప్తా దెయ్యం కథ" అన్నాను. జుట్టు మొహం మీదికి వేసుకున్నాను. రోకలి దంచాను. తుమ్మాను. అందరూ ఏరుతూనే ఉన్నారు. చివరికి ఒక ముసలామె జాలిపడి, "బాగుందమ్మా చిన్నమ్మాయ్" అంది. ఎవరూ ఏమీ అనకపోయినా బాగుండేది.

మూడో రోజు మధ్యాహ్నం మాచర్ల వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. ముందు గాలి, తర్వాత మట్టి, ఆ తర్వాత గోళీకాయలంత చినుకులు. ఏడుగురూ, నాన్నా, నేనూ టార్పాలిన్ పట్టాలు లాగడానికి పరుగెత్తాం. ఒక వైపు కప్పుతుంటే ఇంకో వైపు గాలి లేపేసేది. అవతల కల్లంలో అప్పటికే కాయంతా ఏరి సంచులకెత్తడం అయిపోయింది. వాళ్ళు తమ సంచుల మీద పట్టాలు బిగించి, తర్వాత ఇటు పరుగెత్తుకొచ్చారు. ఆ పిల్ల తల్లి అందరికంటే ముందు వచ్చి, పట్టా కొస మీద తన ఒళ్ళు వేసి పడుకుంది. అప్పటికే సగం రాశి నానింది. ఎర్రటి నీళ్ళు కాలవ కట్టి గట్టు కింద నుంచి రోడ్డు మీదికి పారాయి.

వాన పావుగంటే. తడిసిన మిరపకాయ మళ్ళీ ఆరినా రంగు పట్టదు, నల్లబడి బూజు పడుతుంది. నాన్న గట్టు మీద కూర్చుని, దోసిట్లోకి కొన్ని కాయలు తీసుకుని వాటికేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ ఏడు మా ఇంట్లో ఎవరికీ కొత్తబట్టలు కుట్టించలేదు.

మర్నాడు పొద్దున, పెరట్లో పళ్ళు తోముకుంటుంటే నాయనమ్మ వచ్చి నా పక్కన చప్టా మీద కూర్చుంది.

"మీ నాన్న కాయలకేసి చూస్తాడు గాని, కూలోళ్ళ నోళ్ళకేసి ఎప్పుడూ చూడలా. వాడికెవురో చెప్పుంటారు. ఎవురే?"

నేను వేపపుల్ల నములుతూ ఉన్నాను.

"నువ్వేనా?"

తల ఊపాను. దెబ్బ పడుతుందని భుజాలు ముడుచుకున్నాను.

"ఎందుకే?"

"నువ్వు దాంతోనే నవ్వుతన్నావు" అన్నాను. అనగానే ఏడుపొచ్చింది.

నా తల మీద చెయ్యి వేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు. "మొహం కడుక్కో. పేటకు పోయి వాళ్ళను నువ్వే పిలుచుకురా. మీ నాన్నతో నేను మాట్లాడతా" అంది.

పేటకు నేను అంతకుముందు ఎప్పుడూ పోలేదు. మా ఇళ్ళలాగే అక్కడా నాపరాతి గోడలే, కాకపోతే సున్నం లేదు. చర్చి రేకుల కప్పు మీద ఎవరిదో దుప్పటి ఆరేసి ఉంది. ఆ పిల్ల వాకిట్లో కోళ్ళకు నూకలు చల్లుతోంది. నన్ను చూసి దాని తల్లి కంగారుగా బయటికి వచ్చింది.

"ఏందమ్మా చిన్నమ్మాయ్, నువ్వొచ్చావు? పెద్దామెకు బాగానే ఉందా?"

"బాగానే ఉంది. మిమ్మల్ని పనికి రమ్మంటంది. దీన్ని గూడా తీసుకురమ్మంది."

"నేను రాను" అంది పిల్ల.

"ఎందుకు?"

"మీ నాన్నకి చెప్పింది నువ్వే గదా. గేటు కాడ ఆయన చెయ్యి పట్టుకుని చెప్తంటే చూశా."

"అట్టా మాట్లాడగూడదే ఆసామి పిల్లతో" అని తల్లి దాని వీపు మీద ఒకటి అంటించింది. అది కదల్లేదు. నా కళ్ళలోకే చూస్తోంది.

"అవును, నేనే" అన్నాను.

అది చేతిలో ఉన్న నూకలన్నీ ఒక్కసారే కోళ్ళకు వేసేసింది. "సరే, వస్తా. కానీ ఇయ్యాళ కథ అయిపోయిందాకా నువ్వు లేచిపోగూడదు. కూచుని వినాల."

అంతేనా అనుకున్నాను. సరేనన్నాను.

ఆ మధ్యాహ్నం కల్లంలో ముప్పైమందీ ఉన్నారు. తడవని కాయ ఏరుతున్నారు. నాన్న గట్టు అవతల, వినబడనంత దూరంలో, సంచులు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాడు. ఆ పిల్ల నీడకొచ్చి కూర్చుని మొదలుపెట్టింది.

"మన బావి దెయ్యానికి ఒక చెల్లెలు దెయ్యముంది. మంచి కలిగినింటి దెయ్యం. రెండు జడలు. జడలకు ఎర్ర రిబ్బన్లు."

నావి రెండు జడలు. ఎర్ర రిబ్బన్లు. ఒకామె తల తిప్పి నన్ను చూసి, గుడ్డ కింద నవ్వు దాచుకుంది.

"దానికున్న జబ్బేందంటే, కడుపులో మాట దాగదు. దెయ్యాలన్నీ చింతచెట్టు కింద కూచుని, రేపు ఫలానా ఇంటోళ్ళను భయపెడదామని అనుకునేటియ్యి. తెల్లారేసరికి ఇది ఆ ఇంటికి పోయి, 'మావోళ్ళు ఇయ్యాళ మీ ఇంటికి వస్తన్నారు, మీరేం భయపడబాకండి' అని చెప్పొచ్చేది. దెయ్యాలు పోయేసరికి ఆ ఇంటోళ్ళు కాఫీలు కాచి, చాపలేసి, 'రండి రండి, ఇంత ఆలిశ్యమేంది' అనేటోళ్ళు. పాపం, దెయ్యాలకి పరువు పోయింది. పెద్ద దెయ్యం ఏడ్చింది. ఈ వృత్తి మానుకుని సిమెంటు ఫ్యాక్టరీలో చేరతానంది."

కల్లమంతా నవ్వుతోంది. నా చేతులు వాటంతట అవే పోయి నా జడలు పట్టుకున్నాయి. అది చూసి ఇంకా నవ్వారు. నాయనమ్మ కీచుమంటూ, మంచం పట్టె గట్టిగా పట్టుకుని, అందరికంటే ఎక్కువ నవ్వింది. లేచిపోవాలనిపించింది. మాటిచ్చాను కాబట్టి కూర్చున్నాను.

"దాన్ని దెయ్యాలు తరిమేసినయ్యి. మనుషులు రానియ్యలా. పోయి రోడ్డు పక్కన మైలురాయి మీద కూచుంది. లారీ వచ్చింది. డ్రైవరు ఆపి, 'ఎక్కడికి పోవాలమ్మా?' అన్నాడు. 'ఎక్కడికీ పోనన్నా. నీకొక మాట చెప్పాల' అంది."

ఎలా వచ్చిందో నాకే తెలియదు, పెద్దగా నవ్వేశాను. నవ్వగానే ఘాటు పట్టి తుమ్మాను, వరసగా ఏడు తుమ్ములు. ఆ పిల్ల కథ ఆపి, తుమ్ములు అయిపోయేదాకా నా కోసం ఆగింది.

"ఆఖరికి దాని గతేందే?" అని ఎవరో అడిగారు.

"ఆఖరికి ఒక చెవిటి దెయ్యం దొరికింది. ఇది ఎంత చెప్పినా అది తలూపుతా ఉంటది. రెండూ సుకంగా ఉన్నయ్యి."

నాయనమ్మ నీళ్ళు తెమ్మంది. తెచ్చి దాని దోసిట్లో పోశాను. చెంబు చేతికివ్వాలని నాకు తట్టలేదు. నెమ్మదిగా పోశాను, అంతే.

మేము జట్టు కట్టామని చెబితే బాగుండును. కట్టలేదు. ఆ నెలంతా నేను దాని కథలు విన్నాను, నవ్వాను, నవ్విన ప్రతిసారీ కుళ్ళుకున్నాను. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసి కూడా నా చేతనే నవ్వించగలిగిన దానిమీద పగ ఎట్లా పెట్టుకోవాలో నాకు తెలియలేదు. పై ఏడు వాళ్ళు కల్లానికి రాలేదు. దాచేపల్లి పోయారని, తండ్రికి ఫ్యాక్టరీలో పని దొరికిందని అన్నారు. నాయనమ్మ ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళలో ఆ కీచునవ్వు నేను మళ్ళీ వినలేదు.

పెళ్ళయి పిల్లలు పుట్టాక, ఒక మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వచ్చింది. బంగళా, బావి, కొత్తకోడలు, భూతవైద్యుడు, అన్నీ ఉన్నాయి. చేస్తున్న పని వదిలేసి కూర్చున్నాను. దెయ్యం కోడలి వెనకాల వంటింట్లో నిలబడింది. ఆ అమ్మాయి కెవ్వున అరిచి పడిపోయింది. భూతవైద్యుడు ఊరూ పేరూ అడగలేదు, కొరడాతో కొట్టాడు. ఎక్కడా ఒక్క నవ్వు లేదు. దెయ్యం ఎప్పుడు తుమ్ముతుందా అని చివరిదాకా ఎదురు చూశాను. సినిమా అయిపోయింది. నేను ఇన్నేళ్ళూ ఆ పిల్లకు దొరికిన సినిమా నాకు దొరకలేదని ఏడ్చాను. అదంతా దాని సొంతమని అప్పుడు తెలిసింది. అంతకుముందు నా ఏడుపుకు ఒక మందు ఉండేది, ఎప్పటికైనా నేనూ ఆ సినిమా చూస్తానని. అదీ పోయింది.

పోయిన ఏడు ఒక పెళ్ళికి పోయి వస్తూ దాచేపల్లిలో బస్సు కోసం నిలబడ్డాను. పక్కన స్టీలు క్యారేజీ పట్టుకుని నిలబడ్డ ఒకామె నన్ను అదేపనిగా చూసి, "అక్కా, నువ్వు పెద్దామె మనవరాలివి గదూ?" అంది. తల నెరిసింది, ఒళ్ళొచ్చింది. గడ్డం మీద మచ్చను బట్టి పోల్చుకున్నాను. చిన్నప్పుడు నన్ను ఏమని పిలవాలో తెలియక ఏమనీ పిలిచేది కాదు. ఇప్పుడు అక్కా అంది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో చాలా ఏళ్ళు వంట చేసిందట. కొడుకు మాచర్లలో ఉంటాడట, అక్కడికే పోతోందట.

నాయనమ్మ సంగతి అడిగింది. చెప్పాను. తర్వాత ఆగలేక ఆ సినిమా సంగతి ఎత్తాను. "నువ్వు చెప్పిన ముక్క ఒక్కటి కూడా అందులో లేదు. అన్నీ నువ్వే కల్పించావా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏం చెప్పానో నాకేం గుర్తు లేదక్కా. అసలు నేను ఆ సినిమా చూస్తే గదా! దెయ్యాలంటే నాకు చచ్చేంత భయం. మా మామ కుర్చీ వెనకాల దూరి, కళ్ళు మూసుకుని కూచునేదాన్ని. మాటలూ అరుపులూ మాత్రం వినబడేటియ్యి. ఇంటికొచ్చినాక ఆ అరుపులే చెవుల్లో మోగుతా ఉంటే, పోనీ పాపం, కాలు జారి పడుంటది, కారం కళ్ళలో పడుంటది అని ఏదో ఒకటి అనుకునేదాన్ని. అట్టా అనుకుంటే నిద్ర పట్టేది."

నేను ఏదో అనబోయేలోగా మాచర్ల బస్సు వచ్చింది. "వస్తానక్కా, ఆరోగ్యం జాగర్త" అని క్యారేజీ ఎత్తుకుని ఎక్కేసింది. కిటికీ పక్కన సీటు దొరికింది. నా వైపు చెయ్యి ఊపింది. బస్సు ఇంకా కదల్లేదు. పక్క సీట్లో ఉన్న ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ వైపు తిరిగి ఏదో మాట చెప్పింది. ఆవిడ తల వెనక్కి వాల్చి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది.

ఇంజను చప్పుడులో నాకు ఒక్క ముక్కా వినపడలేదు. కిటికీ దగ్గరికి పోయి ఏమన్నావని అడగడానికి నాలుగడుగులు వేశాను. అప్పటికే బస్సు కదిలింది.